పైబండ చప్పుడు

శ్రీరాంపూర్ బొగ్గు బాయిల దగ్గర, కార్మికుల క్వార్టర్ల వెనక రేకులు కప్పిన ప్రార్థన మందిరం ఒకటి ఉంది. అక్కడ వాక్యం చెప్పేది మా బావ, మా మేనమామ కొడుకు. ఆరు రోజులు బాయి పని, ఏడో రోజు ప్రార్థన. మందిరం నుంచి రూపాయి తీసుకోడు.

పోయిన ఆదివారం మా అమ్మ ఆ మందిరానికి మొదటిసారి వెళ్లింది. సాక్ష్యాలు చెప్పే వేళ బీడీలు చుట్టే ఒక తల్లి లేచింది. తన 13 ఏళ్ల బిడ్డకు ఫిట్స్ పోయాయని, అయ్యగారు తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసిన రోజు నుంచి గోలీలు బంద్ చేశామని చెప్పింది. అందరూ హల్లెలూయ అంటున్నారు. అమ్మ లేచి నిలబడి, "ఎన్ని రోజులాయె బిడ్డా, గోలీలు ఆపి?" అని అడిగింది. "పద్నాలుగు" అని ఆ తల్లి కూర్చుంది. ఆ తర్వాత మందిరంలో ఎవరూ సరిగా పాడలేదు.

అమ్మకు 71. కరీంనగర్‌లోనూ ఇంకో రెండు ఊళ్లలోనూ ముప్ఫై ఏళ్లకు పైగా నర్సుగా చేసి, ఇప్పుడు మంచిర్యాలలో మా దగ్గర ఉంటోంది. మరునాడు సాయంత్రం, మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి బావ మా ఇంటికి వచ్చాడు. బాయి పని వాళ్లకు ఎంత సబ్బు పెట్టినా కంటి రెప్పల అంచున బొగ్గు మిగిలిపోతుంది, కాటుక పెట్టినట్టు. ఆ కళ్లతో అమ్మను చూసి, చాయ్ తాగకుండానే మొదలుపెట్టాడు. వాళ్ల మాటలను వాళ్ల నుడిలోనే రాస్తున్నాను. రెండుసార్లు అన్నవి మాత్రం ఒకసారికి తగ్గించాను.

బావ: అత్తా, నువ్వు అడిగింది తప్పని నేను అంటలేను. అడిగిన జాగ తప్పు. ఆ తల్లి బుద్ధెరిగినకాంచి నలుగురి ముంగట నోరు తెరిచింది లేదు. నిన్న తెరిచింది. నువ్వు మూయించినవ్.

అమ్మ: మూయించలే బిడ్డా. మాటకు మాట అడిగిన.

బావ: నీకు అది మాట. ఆమెకు అది దెబ్బ. ఆమె ఇదివరకు పోయిన పెద్ద గుడిల పన్నెండేండ్లు ఆఖరి బెంచీ మీద కూసున్నది. ఒక్కనాడన్న "అమ్మా, లేచి ప్రార్థన చెయ్యి" అన్నరా? కమిటీ ఎన్నికలప్పుడు ఓటుకు మాత్రం ఇంటికి వచ్చిండ్రు. మా కాడికి వచ్చిన మూడో వారం మోకాళ్ల మీద కూసోని అందరి కోసం ప్రార్థన చేసింది. బాయిల దెబ్బ తాకినోళ్ల పేర్లు ఒక్కొక్కటే యాది చేసుకోని చేసింది. ఆత్మ వరమంటే నాకు అదే. నోరు లేనోళ్లకు నోరు వచ్చుడు.

అమ్మ: ఆ ముచ్చట నాకు చెప్తవా? మీ తాత ఉపదేశి. లక్సెట్టిపేట దిక్కు ఊరూరు నడిచి చెప్పిండు. సంఘం రిజిస్టర్ల ఆయన పేరున్నది, జీతం ఆయనకే వచ్చేది. మీ నాయినమ్మ సదువుకోలే. బైబిల్ కథలన్నీ గొంతుల పెట్టుకున్నది. పొలంల నాటేసుకుంట, రాత్రి కల్లంల కూసోని, ఆడోళ్లకు పాట కట్టి చెప్పేది. సగం గూడెం నమ్మింది ఆమె గొంతు విని. మీ తాత బాప్తిస్మం ఇప్పించిండు, అవ్వ నమ్మించింది. రాసుకున్నది తాత పేరు.

బావ: చూసినవా మరి!

అమ్మ: చూసిన కాబట్టే అడిగిన. నోరు వచ్చిన మనిషి మాటకు బరువుంటది. నిన్న ఆ మాట విన్నోళ్లల్ల షుగర్ గోలీలు వేసుకునేటోళ్లు లేరా? బీపీ గోలీలు వేసుకునేటోళ్లు లేరా? వాళ్లు ఇంటికి పోయి ఏం చేస్తరు?

బావ వెంటనే జవాబు చెప్పలేదు. చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. నేను అతని వైపు వాళ్లను తక్కువగా చూడను. ఈ సింగరేణి ఊళ్లలో ఇలాంటి చిన్న మందిరాలకు జనం ఎందుకు వెళ్తారో నాకు తెలుసు. రాత్రి రెండింటికి బాయి మీద నుంచి ఫోన్ వస్తే, ఇంటావిడ చేయి పట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చునేది ఆ మందిరం మనుషులే. ఇక్కడ బావ మాటకు నా దగ్గర ఎదురు లేదు.

అమ్మ: వరం అంటవు గదా. మన తెలుగుల వరం అంటే ముందుగాల యాదికొచ్చేది తపస్సు. తపస్సు చేసినోడికి వరం. వాడు సంపాయించుకున్నడు, వాడి సొత్తు. భస్మాసురుని కథ తెల్వనోడు లేడు గదా, ఎవల నెత్తిమీద చెయ్యి పెడితే వాళ్లు బూడిద. పౌలు చెప్పింది ఆ వరం కాదు. అందుకే మన బైబిల్ తెలుగు చేసినోళ్లు ఉత్త వరం అనకుంట కృపావరం అన్నరు. సంపాయించింది కాదు, ఉత్తగ వచ్చింది. ఉత్తగ వచ్చింది నీది ఎట్లయితది?

బావ: నాదని నేనెన్నడు అనలే.

అమ్మ: నువ్వు అనలే. ఫ్లెక్సీ అన్నది. క్రిస్మస్ ముంగట రోడ్డు మీద కట్టిండ్రు, నీ ఫోటో, కింద స్వస్థత కూటములని.

బావ: అది మా పొలగాండ్లు కొట్టించిండ్రు అత్తా. నాకు తెల్వకుంట.

అమ్మ: తెలిసినంక తీయించినవా?

బావ: ...లేదు.

అమ్మ: దోర్నకల్ అజరయ్య బిషప్పు గురించి మీ తాత చెప్పేటోడు. 1912ల బిషప్పయిండు, ఆంగ్లికన్ సంఘంల బిషప్పయిన మొదటి భారతీయుడు. మన కరీంనగర్ డయాసిస్ 1978ల విడివడ్డది ఆ దోర్నకల్ నుంచే. ఆయన బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఒక పద్ధతి పెట్టిండు. బాప్తిస్మం పొందినోళ్లు తమ చెయ్యి తమ నెత్తిమీదనే పెట్టుకోవాలె. సువార్త చెప్పకుంటే ఆ పాపం నాదే అన్న అర్థం వచ్చే పౌలు మాట తమ నోటితోని తాము చెప్పాలె. కూలోళ్లు, పాలేర్లు, ఆడోళ్లు, అందరు. అక్షరం రానోళ్లు సుత. ప్రతి ఒక్కరికి పని ఉన్నది, ఆ పనికి తానే జవాబుదారు. చెయ్యి ముందుగాల ఎవల నెత్తిమీద పెట్టుకోవాలెనో ఆయనకు తెలిసింది.

బావ: మంచి మాట. కాని అదే మాట నా దిక్కు సుత మాట్లాడుతది. ప్రతి ఒక్కరికి అన్నడు గదా? మరి పెద్ద గుడులల్ల ఏమైంది? పాట కమిటీది, వాక్యం పాదిరిది, లెక్క సెక్రటరీది. మిగిలినోళ్లు లేస్తరు, కూసుంటరు. మెథడిస్టు సంఘం మొదలుపెట్టిన మీ వెస్లీనే తీస్కో. 1739ల బ్రిస్టల్‌ల ఆయన వాక్యం చెప్తుంటే మనుషులు కింద పడి కేకలు పెట్టిండ్రు. ఆయనే డైరీల రాసుకున్నడు. ఇయ్యాల మా కాడ ఒకామె కింద పడితే మీరు ముక్కు విరుస్తరు.

అమ్మ: అదే వెస్లీ 1747ల బీదోళ్ల కోసం వైద్యం పుస్తకం అచ్చేసిండు. డాక్టర్ ఫీజు కట్టలేనోళ్లు ఏ రోగానికి ఏం చేసుకోవాలెనో వరుసగ రాసిండు. కింద పడ్డోళ్లను చూసిన కండ్లే దగ్గుతోని బాధపడేటోళ్లను సుత చూసినయి.

బావ: థామస్ మాక్స్‌ఫీల్డ్ ముచ్చట సుత చెప్పు మరి. ఆయన పాదిరి కాదు, మామూలు మనిషి. లండన్‌ల వాక్యం చెప్తున్నడని విని వెస్లీ ఆపుదామని ఉరికొచ్చిండు. వాళ్లమ్మ సుసన్న ఏమన్నది? నీ లెక్కనే దేవుడు పిలిచిన మనిషి, ముందుగాల విను, ఫలం చూడు, ఆ తర్వాత మాట్లాడు అన్నది. ఆయన విన్నడు, ఒప్పుకున్నడు. మెథడిస్టు సంఘాలల్ల పాదిరి కానోళ్లు వాక్యం చెప్పుడు నిలబడ్డదంటే ఆ తల్లి మాట పుణ్యాన. నువ్వేమో వచ్చిన మొదటినాడే లేచి నిలబడ్డవ్.

అమ్మ: ఆమె ఫలం చూడమన్నది గదా. నేను చూసింది ఫలమే. ఆ పిల్లకు ఫిట్స్ నెలకొకసారి వస్తయట. పద్నాలుగు దినాలు రాకపోతే అది సాక్ష్యం ఎట్లయితది?

కాసేపు మాట పక్కదారి పట్టింది. ఈ ఆత్మ వరాల కూటాలన్నీ అమెరికా నుంచి దిగుమతి అయ్యాయని నేను మధ్యలో అన్నాను. బావ నన్ను సరిదిద్దాడు, సరిగానే. లాస్ ఏంజెలెస్‌లో అజూసా వీధి ఉజ్జీవం 1906 ఏప్రిల్‌లో మొదలైంది. మన పక్క రాష్ట్రంలో పూనా దగ్గర కేడ్‌గావ్‌లో, పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో, 1905లోనే ఆడపిల్లలు రాత్రుళ్లు ఏడుస్తూ ప్రార్థించారు. కరువులో దిక్కులేక వచ్చినవాళ్లు, చిన్న వయసులో భర్త పోయినవాళ్లు. ఆ రోజుల్లో వాళ్ల గొంతు వినడానికి ఊళ్లో ఎవరున్నారు? అమ్మ ఆ మాటకు తల ఊపింది. అదే రమాబాయి అదే ఆవరణలో బడి నడిపిందని, అచ్చుయంత్రం పెట్టిందని, 1922లో చనిపోయేలోపు బైబిల్‌ను మరాఠీలోకి తెచ్చిందని గుర్తు చేసింది. ఏడ్చిన పిల్లల చేతులకు పని కూడా నేర్పిందని అంది.

బావ: భాషల వరం గురించి నీ అభిప్రాయమేంది అత్తా? సూటిగ చెప్పు. అబద్ధమంటవా?

అమ్మ: అబద్ధమనను. నాకు రాలేదు, అంతే. నాకు తెలిసింది చెప్త. నేను కరీంనగర్‌ల ఉన్నప్పుడు ఆసిఫాబాద్ దిక్కు నుంచి గోండు తల్లులు కాన్పుకు వచ్చేటోళ్లు. తెలుగు సరిగ రాదు. డాక్టరమ్మ అడుగుతది, ఆ తల్లి బెదిరి చూస్తది. మా దగ్గర ఒక ఆయా ఉండె. ఆమెకు గోండి వచ్చు. వార్డు తుడిచే చీపురు పక్కన పెట్టి, ఆ తల్లి చెవిల నాలుగు మాటలు చెప్తే చాలు, గట్టిగ పట్టుకున్న కాళ్లు సడలించేది. భాషల అర్థం చెప్పే వరమంటే నా కండ్ల ముంగట ఆ ఆయానే నిలబడ్తది. ఆమె లేని రోజు డాక్టరమ్మకు చేతులు ఆడకపోయేటివి.

బావ: అది నేర్చుకున్న భాష. పెంతెకొస్తు దినాన ఎవలు నేర్చుకోలే.

అమ్మ: నేర్చుకోలే, నిజమే. కాని ఆనాటి అద్భుతం మాట్లాడినోళ్లకు ఎంతో, విన్నోళ్లకు అంత. ఎవల భాషల వాళ్లకు అర్థమైంది.

బావ: కొరింథుల అట్ల లేదు. అర్థం కాని భాషనే మాట్లాడిండ్రు. పౌలు దాన్ని ఆపొద్దనే అన్నడు. నేను మీ అందరికంటే ఎక్కువ మాట్లాడుత అని సుత అన్నడు.

అమ్మ: దాని పక్కనే ఇంకో మాట ఉన్నది. సంఘంల అర్థం కాని పదివేల మాటలకంటే అర్థమయ్యే అయిదు మాటలే కావాలె అన్నడు. అర్థం చెప్పేటోడు లేకుంటే సంఘంల ఊకోమన్నడు.

ఈ ముడి వాళ్లిద్దరూ విప్పలేదు. విప్పుతారని నేను అనుకోలేదు కూడా. నా మట్టుకు నేను ఆ ఆయా దగ్గర ఆగిపోయాను. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయం చివర పౌలు చెప్పిన వరుసలో ఉపకారాలు అనే మాట ఒకటి ఉంటుంది, స్వస్థతలకు తర్వాత, భాషలకు ముందు. ఎన్నో ప్రసంగాలు విన్నాను గాని ఆ ఒక్క మాట మీద ప్రసంగం వినలేదు. చీపురు పక్కన పెట్టి వచ్చిన మనిషికి ఆ జాబితాలో చోటుంది.

అమ్మ: నీ జేబుల నూనె సీసా ఉన్నదా?

బావ: ఉన్నది. యాకోబు పత్రికల చెప్పిందే. నూనె రాసి ప్రార్థన చెయ్యమన్నడు.

అమ్మ: కాదంటలేను. నీకు ఇంకో నూనె ముచ్చట చెప్త. డిచ్‌పల్లి తెలుసు గదా, నిజామాబాద్ కాడ. ఇసబెల్ కెర్ అని స్కాట్లండ్ డాక్టరమ్మ. 1915ల అక్కడ కుష్టు దవఖాన మొదలైంది. ఆమె భర్త జార్జ్ కెర్ పాదిరి. నర్సా గౌడ్ అనే దొర సాయం చేసిండు, ఆయన క్రైస్తవుడు కాదు. ఆ రోజులల్ల కుష్టు వచ్చినోళ్లను ఊరవతల పడేసేది, ఇంట్ల పళ్లెం సుత వేరు. ఆమె వాళ్ల పుండ్లు తన చేతులతోని కడిగింది. చాల్‌మోగ్రా అనే చెట్టు గింజల నూనెను సూదితోని ఎక్కించేది. మస్తు నొప్పి. అయినా జనం దూరం దూరం నుంచి నడిచి వచ్చిండ్రు. 1932ల ఆమె పోయింది, దవఖాన పోలే. చెప్పు, ఆమెకున్నది స్వస్థత వరమా, కాదా?

బావ: ఆ నూనె పనిచేసిందా అత్తా? నేను చదివిన. తర్వాత సల్ఫోన్ మందులొచ్చినంక దాన్ని అందరు వదిలిపెట్టిండ్రు. అంటే మీ డాక్టరమ్మ నమ్మకంతోని పోసిన నూనె సుత అక్కరకు రాలేదనే గదా?

అమ్మ: అక్కరకు అంతంతే వచ్చింది, నిజం. మంచి మందు దొరకంగనే దాన్ని పక్కకు పెట్టిండ్రు. ఆ దవఖానలనే పెట్టిండ్రు. మా దిక్కు మేం తప్పయితే తప్పని రాసుకుంటం బిడ్డా. నీ మందిరంల ఇన్నేండ్లల్ల వచ్చిన ప్రవచనాలల్ల ఒక్కటన్న "ఇది తప్పయింది" అని పక్కకు పెట్టిండ్రా?

ఈ ప్రశ్న దగ్గర బావ లేచి నిలబడ్డాడు. కోపంతో కాదు. మా ముందు గదిలో గోడకు చెమ్మ పట్టి సున్నం ఒక చోట ఉబ్బి ఉంది. అలవాటుగా దాని దగ్గరికి నడిచాడు. బావ మైనింగ్ సర్దార్. భూమి కింద, బొగ్గు తీసే చోట, షిఫ్టు మొదలవగానే మనుషులను లోపలికి పంపేముందు పైబండను పరీక్ష చేయడం అతని పని. ఎడమచేతి వేళ్లు గోడకు ఆనించి, కుడిచేతి వేలి కణుపుతో గట్టి చోట కొట్టాడు. తర్వాత ఉబ్బిన చోట కొట్టాడు. మొదటిది టక్కున నిండుగా పలికింది. రెండోది డొల్లగా, లోపల ఇంకెవరో ఉన్నట్టు పలికింది.

అమ్మ: బాయిల ఇట్లనే చూస్తవా?

బావ: కట్టెతోని కొడ్త. చప్పుడు ఒక్కటే చాలదు అత్తా. ఎడమ చెయ్యి బండకు ఆనియ్యాలె. బండ లోపట విడిస్తే చెవికంటే ముందుగాల వేలికి తెలుస్తది.

అమ్మ: ఎవలు నేర్పిండ్రు?

బావ: పాత సర్దార్లు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకున్న. ఫస్ట్ ఎయిడ్ సుత నేర్చుకోవాలె, అది లేకుంటే సర్దార్ పని ఇయ్యరు.

అమ్మ: డొల్ల చప్పుడొస్తే ఏం చేస్తవ్?

బావ: మనుషులను ఎనుకకు పంపుత. దిమ్మెలు పెట్టిస్త, లేకుంటే ఆ బండను మేమే పడగొడ్తం. గంట పని పోతది. పైనోళ్లు అరుస్తరు. అరవనీ.

అమ్మ: నిన్న చూసిన, మంచిగనే ఉండె, ఇయ్యాల చూసేదేముందని అనుకుంటవా?

బావ: ఎట్లనుకుంట అత్తా! రాత్రి బండ రాత్రిదే, పొద్దుటి బండ పొద్దుటిదే.

అమ్మ: మందిరంల ఎవలన్న లేచి ఆత్మ నాతోని ఈ మాట చెప్పిందంటే?

బావ చేయి ఇంకా గోడ మీదే ఉంది.

బావ: హల్లెలూయ అంటం.

ఆ మాట తన నోటి నుంచే వచ్చాక చేయి కిందికి దించాడు. ఆత్మల వివేచన అనే వరం కూడా పౌలు జాబితాలోనే ఉంది, స్వస్థతల వరం తర్వాత కొంచెం దూరంలో. ప్రవక్తలు ఇద్దరో ముగ్గురో మాట్లాడాలి, మిగిలినవాళ్లు పరిశీలించాలి అన్నది పౌలు పెట్టిన క్రమం. థెస్సలొనీక వాళ్లకు రాసినప్పుడు ఆత్మను ఆర్పొద్దన్న వెంటనే అన్నింటినీ పరీక్షించమన్నాడు. బావ వైపు వాళ్లు మొదటి మాట పట్టుకున్నారు, మా పెద్ద గుడి వైపు వాళ్లు రెండో మాట. మా వైపు తప్పు ఇంకా పెద్దదేమో. కొట్టి చూడడానికి బండే లేని చోట కట్టె పట్టుకుని కూర్చున్నాం. అయినా ఆ సాయంత్రం నేను అమ్మ పక్షమే. ఎందుకంటే అక్కడ ఒక పిల్ల ఉంది.

బావ: పరీక్ష అంటవు సరే. ఎవలు చెయ్యాలె? బాయిల సర్దార్ మీద ఓవర్‌మన్ ఉన్నడు, మేనేజర్ ఉన్నడు. నా మందిరం మీద ఎవలున్నరు? మీ పెద్ద గుడి కమిటీ వచ్చి నన్ను తూకమేస్తదా?

అమ్మ: యేసు ప్రభువు పదిమంది కుష్టు రోగులను ఏమన్నడు? పోయి యాజకులకు చూపించుకోండ్రి అన్నడు. ఆ కాలంల బాగయ్యిందా లేదా అని చూసి చెప్పేది యాజకుడే, ధర్మశాస్త్రంల ఉన్నది. వాళ్లు పోతుంటే దారిల బాగయ్యిండ్రు. బాగుచేసినాయనే పరీక్షకు పంపిండు. బాగయినోళ్లను ఎవలు చూసుడు అక్కరలేదని ఆయన అనలే. మరి మనమెవలం?

బావ: అంటే డాక్టర్ ఇప్పుడు యాజకుడా?

అమ్మ: ఫిట్స్ వరకు, అవును. పౌలు త్రోఫిమును మిలేతుల రోగంతోని ఇడిసిపెట్టి పోయిండు. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం తాగుమని రాసిండు. ఆయన ఎంబడి తిరిగిన లూకా వైద్యుడు. ఆయన చేతుల మీద రోగాలు పోయినయి, రోగులు సుత మిగిలిండ్రు. ఆయనకు సిగ్గనిపించలే. మనకెందుకు సిగ్గు? ఇంకోటి, 1954ల సర్కారు చట్టం చేసింది. మంత్రమని, తాయెత్తని, మహిమ అని చెప్పి రోగాలు బాగుచేస్తమని ప్రకటనలు ఇయ్యొద్దని ఒక పట్టీ రాసింది. మూర్ఛ ఆ పట్టీల ఉన్నది. నేను పోలీసుల ముచ్చట చెప్తలేను. ఆ పట్టీ రాసినోళ్లు ఏ పిల్లలను చూసి రాసిండ్రో ఆలోచించుమంటున్న.

బావ: అత్తా, ఒక్క మాట. నేను గోలీలు ఆపుమనలే. దేవుని ముంగట చెప్తున్న, ఆపుమని అనలే.

అమ్మ: ఆపొద్దని అన్నవా?

ఇంట్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయారు. నాకు అంతకుముందు తోచని సంగతి అప్పుడు తోచింది. చేయి పెట్టిన మనిషి చేసిన ప్రార్థన ఆమేన్‌తో అయిపోతుంది. విన్న మనిషి ఇంటికి పోయి దాన్ని ఎట్లా అర్థం చేసుకుంటుందో అది కూడా ఆ వరంలో భాగమే. తీసుకున్న వాళ్ల ఇంటి దాకా వెంట పోవలసిందే.

బావ: ...అనలే. నాకు తోచలే. ఆమె ఏడుస్తుంటే నాకు ఇంకేం తోచలే.

అమ్మ: డొల్ల చప్పుడొచ్చిన బండ కింద మనిషి నిలబడితే, నేను నిలబడుమనలే అంటవా?

బావ: అననత్తా.

అమ్మ: ఏం చేస్తవ్?

బావ: అరుస్త. రెక్క పట్టి గుంజుత.

అమ్మ: నీ మందిరంల నీకు అడ్డం చెప్పేటోళ్లు ఒక్కరున్నరా?

బావ: లేరు. నిన్న ఒకామె లేచింది.

అమ్మ నవ్వలేదు. గ్లాసులు తీసి పక్కన పెట్టి, తన పాత తోలు సంచి తెరిచి అందులోంచి ఒక గోలీల పట్టీ తీసింది. ఆ తల్లి ఇంటి చూరులో చెక్కి ఉంటే ఆదివారమే అడిగి తెచ్చిందట, పేరు చూసుకోవడానికి. రెండు వరసలు ఖాళీ, మిగిలినవి ఉబ్బెత్తుగా అట్లాగే ఉన్నాయి. బావ చేతిలో పెట్టింది.

అమ్మ: నిన్న మందిరం అయినంక ఆమె ఎంబడే ఇంటికి పోయిన. గడప లోపటికి రానియ్యలే. ఈ పట్టీ చేతిల పెట్టి, "అయ్యగారు చెప్తేనే వేస్త" అన్నది. నీ మీద నాకు కోపం లేదు బిడ్డా. నువ్వు రాకుంటే నేనే వస్తుంటి. ముప్ఫై ఏండ్లు చేసిన నర్సు మాట ఆమె వినది. నీ మాట వింటది. ఆ వినే గుణం ఆమెకు నీ ప్రార్థనతోని వచ్చింది. దాన్ని ఇప్పుడు వాడు.

బావ పట్టీని వెలుగుకు పట్టి, మిగిలిన గోలీలను బొటనవేలితో ఒక్కొక్కటే తడిమాడు.

బావ: పద్నాలుగు దినాలు. ఇప్పుడు మళ్లా వేస్తే ఏమన్న అయితదా?

అమ్మ: డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగిన. ఈ రాత్రి నుంచే మొదలుపెట్టి, రేపు పొద్దుగాల పిల్లను తీస్కరమ్మన్నడు. ఒక్కసారిగ ఆపినోళ్లకు ఫిట్స్ ఎంబడెంబడి వస్తయి, ఒక్కోసారి ఆగనే ఆగయి. నేను చూసిన. బతికినోళ్లను చూసిన, బతకనోళ్లను చూసిన.

బావ: రేపు నాకు ఫస్ట్ షిఫ్టు.

అమ్మ: దవఖానకు నేను తీస్కపోత. నువ్వు ఇప్పుడు రా.

బావ: ఆమెకు ఏం చెప్పాలె? ఆదివారం అందరి ముంగట దేవుడు బాగుచేసిండని చెప్పింది. ఇయ్యాల గోలీ వేసుకోమంటే దేవుడు ఓడిపోయిండనుకుంటది.

అమ్మ: అది చెప్పే మాటలు నా కాడ లేవు బిడ్డా. నీ కాడనే ఉండాలె.

బావ చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి జేబులోని నూనె సీసాను తడుముకున్నాడు. తీసి బల్ల మీద పెడతాడేమో అనుకున్నాను. పెట్టలేదు.

బావ: ముందుగాల నేను ప్రార్థన చేస్త అత్తా. ఆ తర్వాత గోలీ.

అమ్మ: చెయ్యి. నేను సుత మోకాళ్లు వేస్త. జర చిన్నగ చెయ్యి. పిల్ల బువ్వ తిన్నంక గోలీ టైము దాటొద్దు.